మైనస్ 12 డిగ్రీల రాత్రి, వ్యాన్‌లో నిద్ర: ముందు ఏం కొనాలి, పవర్ స్టేషన్ ఎందుకు చివర్లో

వ్యాన్ లైఫ్ వీడియోలు చూసే తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మంచి పవర్ స్టేషన్ ఒకటి, చిన్న రూమ్ హీటర్ ఒకటి పెట్టుకుంటే అమెరికా చలి తట్టుకోలేమా?"

తట్టుకోలేం. లెక్క చాలా సింపుల్. మామూలు రూమ్ హీటర్ 1500 వాట్లు లాగుతుంది. ఈకోఫ్లో డెల్టా 2 కెపాసిటీ 1024 వాట్-అవర్లు. ఇన్వర్టర్‌లో పోయేది పోగా మనకు దక్కేది 35 నిమిషాల వేడి. ఇక్కడ చలికాలం రాత్రి పన్నెండు గంటల పైనే.

నేను కొలరాడోలోని డెన్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఇక్కడ ఏడాది పొడుగునా వ్యాన్‌లోనే ఉండేవాళ్లు ఆఫీసులోనూ కనిపిస్తారు, స్కీ కొండల పార్కింగ్‌లోనూ కనిపిస్తారు. కొందరిది సరదా. కొందరికి అద్దె కట్టలేని పరిస్థితి. నేనూ ఒక ఫ్రెండ్‌తో కలిసి పాత కార్గో వ్యాన్ ఒకటి సెటప్ చేసి, రెండు చలికాలాల వీకెండ్లు కొండల్లో గడిపాను. మైనస్ 12 అనేది ఇక్కడ వింత ఏమీ కాదు. అందుకే ఈ ఆర్టికల్‌లో ఏ గ్యాడ్జెట్ బాగుందో చెప్పడం కంటే, ఏది ముందు కొనాలి, ఏది తర్వాత కొనాలి అన్నదే చెబుతాను. డబ్బు తక్కువున్నవాళ్లకు ఆ వరసే ముఖ్యం. వరస తప్పితే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

ముందు ఒక మాట. అనుభవం ఉన్న సంచారుల్లో చాలామంది చలితో అసలు పోట్లాడరు. బండి తీసి దక్షిణానికి వెళ్లిపోతారు. అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరు ఇందుకు ఫేమస్. 2020 నాటి 'నోమాడ్‌ల్యాండ్' సినిమాలో కనిపించేది అదే. ఆ ఊరి పక్కన ప్రభుత్వ భూమిలో సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకు పర్మిట్ తీసుకుని ఉండొచ్చు. అన్నిటికంటే చవకైన హీటర్ ట్యాంక్ నిండా పెట్రోలే అని వాళ్ల లెక్క. ఉద్యోగమో, పిల్లల స్కూలో, కొండలో కట్టిపడేస్తే మాత్రం ఉన్నచోటే చలికి సిద్ధం కావాలి. ఇక్కడి నుంచి చెప్పేదంతా వాళ్ల కోసం.

వేడి పుట్టించే ముందు, పోయేది ఆపండి

వ్యాన్ అంటే చక్రాలున్న ఇనప డబ్బా. లోపలి వేడి రేకులోంచి, అద్దంలోంచి బయటికి పారుతూనే ఉంటుంది. ఎంత పారుతుందో ఒక్క ముందు అద్దంతో చూద్దాం. అద్దం సైజు చదరపు మీటరున్నర అనుకోండి. లోపల 18 డిగ్రీలు, బయట మైనస్ 12. తేడా 30 డిగ్రీలు. సింగిల్ పేన్ గాజులోంచి చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు, దాదాపు 5.8 వాట్లు పోతాయి. గుణిస్తే 261 వాట్లు. అంటే 65 వాట్ల ల్యాప్‌టాప్ చార్జర్లు నాలుగు ఫుల్ లోడ్‌లో రాత్రంతా నడుస్తూ రోడ్డును వెచ్చబెడుతున్నట్టు.

కాబట్టి మొదటి ఖర్చు అద్దాల మీదే. లోపల మందమైన దూది పొర ఉండి, అద్దం అంచులకు గట్టిగా అతుక్కునే కవర్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి, ఇంట్లో కుట్టుకోవచ్చు కూడా. వెండి రంగు బబుల్ షీట్ కత్తిరించి పెట్టినా, ఏమీ లేనిదాని కంటే చాలా మేలు. ఆ తర్వాత గోడలు, కప్పు, నేల. త్రీఎమ్ థిన్సులేట్, గొర్రె ఉన్ని, ఫోమ్ బోర్డులు ఎక్కువగా వాడతారు. ఇక్కడ చాలామంది వదిలేసేది గోడల మధ్య ఉండే ఇనప పట్టీలు. ప్యానెళ్ల మధ్య ఎంత ఉన్ని కుక్కినా, పట్టీలు బయటికి తేలి ఉంటే చలి వాటి మీదుగా లోపలికి నడిచి వస్తుంది. వాటి మీద కూడా పల్చటి ఫోమ్ అతికించాలి.

ముందు సీట్లకూ పడుకునే చోటుకూ మధ్య మందపాటి దుప్పటి తెరలా కట్టండి. వెచ్చబెట్టాల్సిన చోటు చిన్నదవుతుంది. ఖర్చు దాదాపు సున్నా.

వేడికి ఇంధనం, బ్యాటరీ దాని ఫ్యాన్‌కి

ఒక లీటరు డీజిల్‌లో సుమారు 10 కిలోవాట్-అవర్ల శక్తి ఉంటుంది. 12 వోల్టుల 100 యాంప్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది 1.28. అంటే ఎనిమిది బ్యాటరీలు కలిస్తే ఒక వాటర్ బాటిల్ డీజిల్‌కు సమానం అన్నమాట. వ్యాన్‌వాళ్లు బ్యాటరీతో గది వెచ్చబెట్టకపోవడానికి కారణం ఇదే.

వాళ్లు వాడేది డీజిల్ హీటర్. జర్మనీ కంపెనీలు వెబాస్టో, ఎబర్‌స్పాషర్ వీటిలో పాతకాపులు. బిగించే ఖర్చు కాక వెయ్యి డాలర్లకు పైనే అవుతాయి. చైనా తయారీవి 200 డాలర్ల లోపే వస్తాయి. పనిచేసే పద్ధతి ఒకటే. చిన్న పంపు ఇంధనాన్ని బొట్లు బొట్లుగా మూసి ఉన్న ఒక గదిలోకి పంపుతుంది. మంట ఆ గదిలోనే ఉంటుంది. మంటకు కావాల్సిన గాలి వ్యాన్ కింద నుంచి వస్తుంది, పొగ కూడా కిందికే పోతుంది. మనం పీల్చే గాలి ఆ వేడి లోహం చుట్టూ తిరిగి వస్తుంది కానీ మంటను తాకదు. రెండు కిలోవాట్ల మోడల్ తక్కువ స్పీడ్‌లో గంటకు 100 నుంచి 120 మిల్లీలీటర్లు తాగుతుంది. రాత్రంతా కలిపి లీటరున్నర. కరెంటు స్టార్ట్ అయ్యేటప్పుడు కాసేపు ఎక్కువ లాగినా, తర్వాత 10 నుంచి 30 వాట్ల మధ్యే. అమెరికాలో వ్యాన్లు చాలావరకు పెట్రోల్‌వే కాబట్టి, పెట్రోల్‌తో నడిచే మోడలైనా తీసుకుంటారు, లేదంటే విడిగా చిన్న డీజిల్ ట్యాంక్ బిగిస్తారు.

స్పెక్ షీట్‌లో పెద్ద నంబర్ చూసి మోసపోవద్దు. ఎనిమిది కిలోవాట్లని రాసి అమ్మే చవక హీటర్లలో చాలావరకు ఇచ్చేది అయిదుకు అటూ ఇటూ. అదీ మనకు ఎక్కువే. పెద్ద హీటర్‌ని ఎప్పుడూ తక్కువలో నడిపితే మసి పేరుకుంటుంది. మామూలు వ్యాన్‌కి రెండు కిలోవాట్లు చాలు.

ఎత్తు కూడా చూసుకోవాలి. లెడ్‌విల్ లాంటి ఊళ్లు సముద్రమట్టానికి 3000 మీటర్ల పైన ఉన్నాయి. అక్కడ గాలి సాంద్రత కింద ఉన్నదాని కంటే నాలుగో వంతు తక్కువ. పంపు మాత్రం అంతే ఇంధనం పోస్తూ ఉంటే అది సరిగ్గా కాలదు, మసి పడుతుంది. ఎత్తును బట్టి ఇంధనం తగ్గించే మోడల్, లేదా విడిగా దొరికే ఆల్టిట్యూడ్ కిట్ తీసుకోండి.

డీజిల్ కూడా చలికి గడ్డకడుతుంది. అందులోని మైనం తేలి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. చలి రాష్ట్రాల బంకుల్లో చలికాలం డీజిల్ మిశ్రమం మారుస్తారు. అరిజోనాలో నింపుకుని మోంటానా వెళ్తే ఆ సౌకర్యం మీ ట్యాంక్‌లో ఉండదు. మన దగ్గరా ఇదే సమస్యకు ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్‌లో లడఖ్ కోసం వింటర్ డీజిల్ తెచ్చింది. మైనస్ 33 వరకు గడ్డకట్టదు. చలికాలంలో లేహ్ రోడ్డు మీద క్యాంపర్ వ్యాన్ నడపాలనుకునే మనవాళ్లు గుర్తు పెట్టుకోవాల్సిన విషయం ఇది.

వెచ్చగా ఉండాలంటే కిటికీ తెరవాలి

కొత్తవాళ్లు నమ్మలేని సంగతి ఇది. చిల్లు లేకుండా మూసుకుంటే చలి ఆగుతుందనుకుంటాం. కానీ మనం ఊపిరి తీసే ప్రతిసారీ గాలిలోకి నీటి ఆవిరి వదులుతుంటాం. రసం కాస్తే చాలు, అద్దాలన్నీ చెమరుస్తాయి. ఆ తడి చల్లటి రేకు మీద చేరి, ఉన్నిలోకి దిగి, పరుపు కింద బూజవుతుంది. తడిసిన ఇన్సులేషన్ చలిని ఆపదు.

చవకగా వస్తుందని కొందరు లోపలే మంట వెలిగే ప్రొపేన్ హీటర్ వాడతారు. కెమిస్ట్రీ గుర్తుందా? ఒక కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకు పైగా నీరు పుడుతుంది. అదంతా మీ గదిలోకే. డీజిల్ హీటర్‌లోనూ నీరు పుడుతుంది కానీ పొగతోపాటు బయటికి పోతుంది. ఆ వేడి పొడిగా అనిపించేది అందుకే.

కాబట్టి కప్పు మీద ఫ్యాన్ సన్నగా తిరుగుతూ ఉండాలి. ఎదురుగా ఒక కిటికీ వేలెడంత తెరిచి ఉండాలి. కొంచెం వేడి పోతుంది, పోనివ్వండి.

అన్నిటికంటే ముందు కొనాల్సింది

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం. జలుబు చేసిందనుకుని దుప్పటి కప్పుకుని పడుకుంటారు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని తెల్లారి లేవనివాళ్ల వార్త చలికాలం వస్తే పేపర్లో చదువుతూనే ఉంటాం. వ్యాన్ ఆ గది కంటే చిన్నది.

హీటర్ బయటికి పొగ వదిలేదే అయినా ధీమా వద్దు. గొట్టం జాయింట్ వదులు కావచ్చు. రాత్రి మంచు కురిసి గొట్టం మూతి కప్పేయొచ్చు. పడుకునే ముందు, మంచు కురుస్తుంటే మధ్యలో లేచి కూడా, ఆ చోటు చూసుకోవాలి.

అలారం కొనేటప్పుడు రెండు విషయాలు. ఒకటి, అమెరికా స్టాండర్డ్ ప్రకారం 70 పీపీఎమ్ దగ్గర అలారం మోగడానికి గంట నుంచి నాలుగు గంటల దాకా పట్టొచ్చు. 400 పీపీఎమ్ దగ్గరైతే 4 నుంచి 15 నిమిషాలు. అందుకే తక్కువ రీడింగ్ కూడా స్క్రీన్ మీద చూపించే మోడల్ మంచిది. రెండు, ఇళ్ల కోసం చేసిన అలారాలు చాలావరకు 4 డిగ్రీల పైన పనిచేయడానికి తయారైనవి. వాహనాలకు సరిపడేదని రాసి ఉన్నదే తీసుకోండి. ఎక్స్‌పైరీ డేట్ కూడా చూడండి, సెన్సర్‌కి ఆయుష్షు ఉంటుంది. ఖర్చు ఒక మంచి పవర్ బ్యాంక్ అంత.

ఇప్పుడు బ్యాటరీ దగ్గరికి వద్దాం

ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ మైనస్ 20 దాకా కరెంటు ఇస్తుంది. కానీ సున్నా కింద చార్జ్ చేయకూడదు. ఆ చలిలో లిథియం అయాన్లు గ్రాఫైట్‌లోకి దూరలేక పైనే లోహంలా పేరుకుంటాయి. పోయిన కెపాసిటీ మళ్లీ రాదు, లోపల షార్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. తెల్లారి ఎనిమిదింటికి ఎండ ప్యానెల్ మీద పడుతుంది, బ్యాటరీ ఇంకా మైనస్‌లోనే ఉంటుంది. దెబ్బ తగిలేది అప్పుడే. బీఎంఎస్‌లో లో-టెంపరేచర్ కటాఫ్ ఉందో లేదో స్పెక్స్‌లో చూసి కొనండి. తనంతట తాను వెచ్చబడే బ్యాటరీలు కూడా ఉన్నాయి. ఏదైనా సరే, బ్యాటరీని మీరు పడుకునే గదిలోనే, మంచం కింద పెట్టండి.

రోజు ఖర్చు లెక్కేద్దాం. హీటర్ ఫ్యాన్ 20 వాట్లు, 12 గంటలు: 240. స్టార్‌లింక్ మినీ 30 వాట్లు, 8 గంటలు: 240. ల్యాప్‌టాప్ 50 వాట్లు, 8 గంటలు: 400. ఫోన్లు, లైట్లు, కప్పు ఫ్యాన్: 120. మొత్తం 1000 వాట్-అవర్లు. ఒక 100 యాంప్-అవర్ బ్యాటరీ రోజు గడుపుతుంది. పడుకునేటప్పుడు 12 వోల్టుల ఎలక్ట్రిక్ దుప్పటి కాసేపు వాడుకోవచ్చు. గదిని కాక మనిషిని వెచ్చబెడుతుంది కాబట్టి తక్కువే తింటుంది.

మళ్లీ నింపేదెలా? డిసెంబర్ మధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటే, డెన్వర్‌లో 27 డిగ్రీలే. పగలు తొమ్మిదిన్నర గంటలు కూడా ఉండదు. కప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కి నేరుగా పడే ఎండలో సగం కూడా అందదు. మంచు కప్పితే అదీ లేదు. అందుకే ఇంజిన్ నుంచి చార్జ్ చేసే 30 యాంప్ డీసీ-డీసీ చార్జర్ తప్పనిసరి. రెండున్నర గంటల డ్రైవింగ్‌లో ఆ 1000 వాట్-అవర్లు తిరిగి వస్తాయి.

ఫోన్ విషయానికొస్తే, ఐఫోన్‌ని వాడే టెంపరేచర్ 0 నుంచి 35 డిగ్రీలని యాపిలే చెబుతుంది. రాత్రి డ్యాష్‌బోర్డ్ మీద వదిలేయకుండా దుప్పటిలో పెట్టుకోండి. పొద్దున సాయం కోసం ఫోన్ చేయాల్సి వస్తే అది ఆన్ కావాలి కదా.

నా వరస ఇదీ

మొదట కార్బన్ మోనాక్సైడ్ అలారం. తర్వాత మంచి స్లీపింగ్ బ్యాగ్, అద్దాల కవర్లు. ఆ తర్వాత గాలి ఆడే ఏర్పాటు, గోడల ఇన్సులేషన్. అప్పుడు హీటర్. ఆ పైన ఒక బ్యాటరీ, డీసీ-డీసీ చార్జర్. సోలార్, పెద్ద పవర్ స్టేషన్ చివర్లో, డబ్బు మిగిలితే.

హీటర్ ఏ అర్ధరాత్రైనా ఆగిపోవచ్చు. అది ఆగినా తెల్లారేదాకా బతికించేది స్లీపింగ్ బ్యాగే. అందుకే దాన్ని రెండో స్థానంలో పెట్టాను. మీరు బయట చూసే కనీస టెంపరేచర్ కంటే పది డిగ్రీలు తక్కువ రేటింగ్ ఉన్నది తీసుకోండి. దానికి చార్జింగ్ అక్కర్లేదు.