భోషాణానికి ఏ పూత?

పాత సామాన్ల దుకాణాల్లో కనిపించే భోషాణాలు, పడకకుర్చీలు, పందిరి మంచాలు అనేకం టేకుతోనో జిట్రేగితోనో చేసినవే అయినా, ఏళ్ల తరబడి ఒకదానిపై ఒకటిగా పేరుకున్న పూతల కింద వాటి చార కనబడకుండా పోతుంది. కొన్నవారు వెంటనే కొత్త రంగు డబ్బా తెచ్చుకుంటారు గానీ, కింద ఉన్నది ఏ పూతో తేల్చుకోకుండా పైన వేసినది ఎంత ఖరీదైనదైనా పెచ్చులుగా ఊడిపోయే ప్రమాదం ఉంది.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. సొరుగు వెనుక, కంటికి ఆనని చోట, దూదితో స్పిరిట్ అద్ది ఒకటి రెండు నిమిషాలు ఉంచినప్పుడు పూత మెత్తబడి వేలికి జిగురుగా అంటుకుంటే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు చలించక థిన్నర్‌కు కరిగితే లాకర్. రెండింటికీ లొంగకపోతే ఆయిల్ పెయింటో, ఒకసారి గట్టిపడ్డాక తిరిగి కరగని పాలీయురేథేనో అయి ఉంటుంది.

వీటిలో పాత సామానుకు అన్నివిధాలా తగినది లక్క పాలిషే. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలను ఆశ్రయించిన పురుగులు తమ చుట్టూ స్రవించుకునే జిగురు పదార్థమే లక్క. ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవి ప్రాంతాల్లో ఎక్కువగా సేకరించే ఈ లక్కను కడిగి, కరిగించి, వడగట్టి, పలుచని రేకులుగా సాగదీస్తారు. లీటరు స్పిరిట్‌లో 120 నుంచి 240 గ్రాముల రేకులు నానబెట్టి, ఆ ద్రావణాన్ని పాత పంచె గుడ్డలో చుట్టిన దూది ఉండకు పట్టించి, చుక్క నూనె అద్ది, సున్నాలు చుడుతూ పూస్తారు. చెయ్యి ఒక్క క్షణం ఆగినా స్పిరిట్ కింది పొరను కరిగించి గుడ్డ నేతను అక్కడే అచ్చుగుద్దుతుంది. ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోరాదు, ఎందుకంటే స్పిరిట్ ఆవిరవుతూ చెక్కను చల్లబరచడంతో గాలిలోని తేమ పూతలో చిక్కి తెల్లని పొగలా మిగులుతుంది. వేడి కాఫీ గ్లాసుకు కూడా ఓర్వని ఈ పూత భోజనాల బల్లకు పనికిరాదన్నది నిజమే. కానీ గీత పడిన చోట మళ్లీ పూస్తే పాత పొర కరిగి కొత్తదానిలో కలిసిపోతుంది, పాలీయురేథేన్‌కు ఆ గుణం లేదు.

పాత రంగు తీయడంలో జాగ్రత్త అవసరం. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి మాత్రమే అమల్లోకి వచ్చింది గనుక, అంతకు మునుపటి పూతను పొడిగా గీకి ధూళి లేపడం కంటే తడిపి రుద్దడం మేలు, పిల్లలున్న ఇంట్లో మరీను. పూత పోయాక గరుకు కాగితంతో 80వ నంబరు నుంచి 220 దాకా చార వెంబడే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు పాలిష్ పడ్డాకే బయటపడతాయి. ఇనుప మేకుల చుట్టూ కనబడే నల్లమచ్చలు చెక్కలోని టానిన్ ఇనుముతో కలిసి ఏర్పడినవి కాబట్టి, అవి రుద్దితే పోవు, ఆక్జాలిక్ ఆమ్లానికి విరుగుతాయి.

చేవదేరిన టేకుకు పెయింట్ పూయడం దండగే. మామిడి చెక్కతోనో, నాలుగు రకాల ముక్కలు అతికించో చేసి, లప్పంతో పూడ్చిన అలమరకు మాత్రం పెయింటే సబబు, అయితే పాత మరకలు పైకి ఊరకుండా ముందుగా మైనం తీసిన లక్కను ఒక పొర వేసి, దానిపై ప్రైమర్, ఆపైన రెండు పలుచని పూతలు వేయాలి. ఎనామిల్ రంగు ఒక రోజులో చేతికి అంటని స్థితికి వచ్చినా లోపలిదాకా గట్టిపడడానికి వారాలు పడుతుంది, ఈలోగా అలమరలో సర్దిన పుస్తకాల అట్టలు అరలకు అతుక్కుపోతాయి.