చిట్టీతో మొదలై... చిత్రనగరి దాకా!

కృష్ణా జిల్లా పెదపారుపూడిలో 1936లో రైతు కుటుంబంలో పుట్టిన రామోజీరావు, 1962లో మార్గదర్శి చిట్‌ఫండ్‌ పెట్టారు. 1969లో రైతుల కోసం ‘అన్నదాత’ తెచ్చారు.

అసలు సాహసం 1974 ఆగస్టు 10న... విశాఖపట్నంలో ‘ఈనాడు’! అప్పట్లో విజయవాడలో అచ్చయిన పత్రికలు అక్కడికి చేరేసరికి బారెడు పొద్దెక్కేది. విశాఖలోనే అచ్చేసి, తెల్లారేసరికి గుమ్మంలో వేస్తే? ఆ ఆలోచనే పత్రికను నిలబెట్టింది.

ఆపై ప్రియా పచ్చళ్లు, డాల్ఫిన్‌ హోటల్‌, ఉషాకిరణ్‌ సినిమాలు, 1995లో ఈటీవీ, 1996లో హైదరాబాద్‌ శివార్లలో ఫిల్మ్‌సిటీ.

దారంతా పూలబాటేం కాదు. 2006లో మార్గదర్శి ఫైనాన్షియర్స్‌ డిపాజిట్లపై వివాదం రేగి కోర్టులకెక్కింది. అయినా వ్యాపారాలు ఆగలేదు.

2016లో పద్మవిభూషణ్‌ అందుకున్న ఆయన 2024 జూన్‌ 8న కన్నుమూశారు. అంత్యక్రియలు జరిగింది... తాను కట్టుకున్న ఆ చిత్రనగరిలోనే!