రబ్బరుతో రుద్దితే ఎన్నాళ్లు? ఇంటి కంప్యూటర్‌లో ర్యామ్ లెక్క

ముసురు పట్టిన పొద్దున స్విచ్ వేస్తే కంప్యూటర్ బీప్ బీప్‌మని అరిచి, తెర నల్లగానే ఉండిపోవడం ఏలూరు చుట్టుపక్కల ఇళ్లకు కొత్త కాదు. వైద్యమూ అందరికీ తెలిసిందే: మూత తీసి, ర్యామ్ ఊడదీసి, పిల్లల పెన్సిలు రబ్బరుతో బంగారు రంగు పళ్లను రుద్ది, మళ్ళీ గుచ్చడం. కంప్యూటర్ లేస్తుంది. నెల తిరక్కుండా మళ్ళీ పడుకుంటుంది.

ర్యామ్ అంటే కంప్యూటర్ పని చేస్తున్నంతసేపు లెక్కలు వేసుకునే పలక. కరెంటు పోతే చెరిగిపోతుంది. 8 జీబీ ర్యామ్‌లో 6,872 కోట్ల గదులు. ఒక్కో గదిలో సున్నానో ఒకటో ఉంటుంది. ఈ అంకెను ధాన్యంలో చూద్దాం. మన స్వర్ణ వడ్లు వెయ్యి గింజలు సుమారు 20 గ్రాములు తూగుతాయి. ఆ లెక్కన 6,872 కోట్ల గింజలంటే 75 కిలోల బస్తాలు దాదాపు 18 వేలు. అంత రాశిలో ఒక్క గింజ పుచ్చినా చాలు. కంప్యూటర్‌కు ఆ గింజతో పని పడిన రోజే నీలం తెర వస్తుంది; పడని రోజు అంతా బాగానే ఉంటుంది. "నిన్న బాగానే ఉందండీ" అనే మాట అందుకే అబద్ధం కాదు.

రబ్బరు ఎందుకు పని చేస్తుంది? డీడీఆర్4 ర్యామ్‌కు 288 పళ్లుంటాయి. వాటి మీద చెమ్మ, దుమ్ము కలిసి పొర కడితే ర్యామ్‌కు, మదర్‌బోర్డుకు మాట కుదరదు. రబ్బరు ఆ పొరను గీకేస్తుంది. కానీ పొరతోపాటు బంగారాన్నీ కొంత గీకుతుంది. మంచి ర్యామ్ మీద బంగారు పూత మందం ముప్పాతిక మైక్రాన్, అంటే తల వెంట్రుకలో దాదాపు నూరో వంతు. చవకవాటికి అంత కూడా ఉండదు. పూత పోతే కింది లోహం బయటపడి ఇంకా తొందరగా పాడవుతుంది. పైగా ర్యామ్ గుచ్చే స్లాటుకు తయారీదార్లు సాధారణంగా హామీ ఇచ్చేది 25 సార్లకే. నెలకోసారి ఊడదీసి పెడితే రెండేళ్లలో ఆ హామీ తీరిపోతుంది. నా ఉద్దేశంలో చాలా ఇళ్లలో జబ్బు కంటే వైద్యమే ఎక్కువ నష్టం చేస్తోంది.

తుడవాల్సి వస్తే ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టి, క్యాబినెట్ ఇనుమును చేత్తో తాకాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని బట్టతో తుడవండి. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు. అందులోని గ్లిజరిన్ జిగురుగా మిగిలిపోతుంది. స్లాటులో దుమ్ము ఉంటే మెత్తని బ్రష్షు చాలు. గుచ్చేటప్పుడు టక్కుమనే దాకా నొక్కండి. సగం కూర్చున్న ర్యామ్‌ను చెడిపోయిందని పారేసినవాళ్లున్నారు.

చెమ్మ సంగతికొస్తే, కొల్లేటి గాలిని మనం మార్చలేం. నడుస్తున్న కంప్యూటర్ లోపల వెచ్చగా ఉంటుంది కాబట్టి చెమ్మ నిలవదు. వారాల తరబడి మూలన పడి ఉన్నదానికే బెడద. వానాకాలంలో వాడకపోయినా వారానికి రెండుసార్లు గంటసేపు నడపండి. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టులో ఉన్న కంప్యూటరైతే, ఏలూరులో తివాచీలు నేసే ఇంట్లో ఉన్నదైతే పొట్టు, నూలు ఫ్యాన్లో చేరి చెమ్మను పట్టి ఉంచుతాయి. అలాంటి కంప్యూటర్‌ను నేల మీద నుంచి కాస్త ఎత్తున పెట్టండి.

మరి ఎండాకాలం వేడి సంగతో? 2009లో గూగుల్, టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు వేల సర్వర్లను పరిశీలించి రాసిన పత్రం ప్రకారం ఏడాదిలో నూటికి 8కి పైగా ర్యామ్‌లలో తప్పులు కనిపించాయి. కానీ వేడి ప్రభావం అనుకున్నంత లేదు. ఏప్రిల్‌ను తిట్టుకునే ముందు పరీక్ష పెట్టండి.

ఆ పరీక్షకు మెమ్‌టెస్ట్86 అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. పెన్‌డ్రైవ్ మీద వేసి, దానితోనే కంప్యూటర్‌ను లేపి, రాత్రి వదిలేసి పడుకోండి. పొద్దునకు తప్పుల గడిలో సున్నా ఉండాలి. "ఒకటే కదా" అనుకోవద్దు. పుచ్చు గింజ అదే.

తప్పులొస్తే రెండు ర్యామ్ స్టిక్కులు, రెండు స్లాట్లు ఉన్నవారికి నాలుగు పరీక్షలు చాలు. ఒక్కో స్టిక్కును ఒంటరిగా రెండు స్లాట్లలోనూ నడపండి. ఏ స్లాటులో పెట్టినా తప్పు ఒకే స్టిక్కుతో వస్తే చెడింది స్టిక్కు. ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాటులో వస్తే స్లాటు. ఒంటరిగా రెండూ బాగుండి, కలిపితేనే గొడవైతే ముందు కంప్యూటర్ లేచేటప్పుడు తెరిచే అమరికల తెరలో (బయోస్) ఎక్స్‌ఎంపీని ఆపండి. పెట్టె మీద రాసిన 3200 లాంటి అధిక వేగానికి ర్యామ్‌ను తోసే అమరిక అది. ఆపితే వేగం కొంచెం తగ్గుతుంది, ఇంటి పనులకు తేడా తెలియదు. నాలుగు పరీక్షల్లోనూ తప్పులొస్తే అనుమానం ర్యామ్ మీద నుంచి కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మీదికి, మదర్‌బోర్డు మీదికి పోవాలి.

"చెరువుల ఏరియేటర్లు తిరిగే మా ఊళ్లో కరెంటు ఎగిరెగిరి పడుతుంది, అదేనా?" అంటారా. గోడలోని 230 వోల్టులు ర్యామ్ దాకా రావు. ఎస్‌ఎంపీఎస్ దాన్ని 12 వోల్టులు చేస్తే, మదర్‌బోర్డు 1.2కి దించి ర్యామ్‌కు ఇస్తుంది. ఆ 12 నిజానికి 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. పాతబడిన ఎస్‌ఎంపీఎస్ ఆ గీత దాటితే ఎన్ని ర్యామ్‌లు మార్చినా ఫలితం ఉండదు. కాబట్టి కొత్త ర్యామ్ కొనే ముందు, పక్కింటి మంచి ఎస్‌ఎంపీఎస్ ఒక్క రాత్రికి అరువడగండి.

స్టిక్కే చెడిందని తేలితే తప్పుల తెరను ఫోన్లో ఫొటో తీసి, బిల్లుతో సహా కొట్టుకు తీసుకెళ్లండి. ర్యామ్‌కు ఏళ్ల తరబడి వారంటీ ఇచ్చే కంపెనీలు చాలానే ఉన్నాయి. వారంటీ అడగబోయే స్టిక్కును మాత్రం రబ్బరుతో రుద్దకండి.