వెన్నుపాముకు రక్తం అందకపోతే?

కామారెడ్డి జిల్లా పిట్లం ప్రాంతపు పిల్లలకు నిజాంసాగర్ కొత్త కాదు. మంజీర నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఈ ఆనకట్ట నుంచి ఒక పెద్ద కాలువ బయలుదేరుతుంది. దాని నుంచి చీలిన పిల్లకాలువలు పొలాలకు నీరందిస్తాయి. పెద్ద కాలువ గట్టు ఒకచోట బలహీనపడిందనుకోండి. మరమ్మతు చేయాలంటే నీరు ఆపాలి. నీరు ఆపితే దిగువ పొలాలు ఎండుతాయి. మరేం చేయాలి?

శస్త్రవైద్యులకూ ఇలాంటి చిక్కే ఎదురవుతుంది. అక్కడ పెద్ద కాలువ బృహద్ధమని. ఎండిపోయే పొలం వెన్నుపాము.

బృహద్ధమని గుండె నుంచి బయలుదేరి, ఛాతీ గుండా పొట్టలోకి దిగుతుంది. ఛాతీలో దాని వ్యాసం సుమారు 2.5 సెంటీమీటర్లు. రక్తపోటు, పొగతాగడం, వయసు, కొన్ని వంశపారంపర్య లోపాల వల్ల దీని గోడ బలహీనపడి, పాత సైకిల్ ట్యూబులా ఒకచోట ఉబ్బవచ్చు. ఆ ఉబ్బు పగిలితే ప్రాణాపాయమే. అందుకే ఆ భాగం తొలగించి గుడ్డగొట్టం అతుకుతారు. అమెరికా వైద్యుడు మైకేల్ డిబేకీ 1950 దశకంలో ఇలాంటి గొట్టాలను డేక్రాన్ గుడ్డతో ఇంటి కుట్టుమిషను మీద కుట్టి చూశారు!

గొట్టం అతికేటప్పుడు బృహద్ధమనిని క్లాంపుతో బిగించి రక్తం ఆపాలి. చిక్కు ఇక్కడే వస్తుంది. వెన్నుపాముకు రక్తం తెచ్చే సన్నని ధమనులు బృహద్ధమని నుంచే చీలుతాయి. వాటిలో పెద్దదాన్ని 1880 దశకంలో అడామ్‌కీవిచ్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. అది అందరిలో ఒకేచోట ఉండదు. బిగింపు అరగంట దాటేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. వెన్నుపాములో చచ్చిన నాడీకణాలు తిరిగి పుట్టవు. ప్రాణం దక్కినా కాళ్ళు చచ్చుబడవచ్చు. అమెరికాలోని ఒక వైద్యబృందం 1993లో ప్రకటించిన లెక్కలో 1,509 మంది రోగులలో 16 శాతం మందికి కాళ్ళ బలం పూర్తిగానో, కొంతో పోయింది.

దీన్ని ఎలా ఆపాలి? ఒక చిన్న లెక్క చేద్దాం. వెన్నుపాము చుట్టూ మస్తిష్క మేరుద్రవం ఉంటుంది. రక్తం లోపలికి తోసుకుపోవాలంటే ఈ ద్రవం ఒత్తిడిని ఎదిరించాలి. అంటే, రక్తపోటులోంచి ద్రవం ఒత్తిడిని తీసివేస్తే వచ్చేదే వెన్నుపాముకు రక్తాన్ని నెట్టే బలం. సగటు రక్తపోటు 90, ద్రవం ఒత్తిడి 10 మిల్లీమీటర్ల పాదరసం అనుకుందాం. మిగిలేది 80. బిగింపు వేశాక దిగువన రక్తపోటు 40కి పడిపోయి, ద్రవం ఒత్తిడి 20కి పెరిగితే మిగిలేది 20 మాత్రమే!

లెక్కలోనే ఉపాయమూ ఉంది. మొదటి అంకెను పెంచాలి, రెండో అంకెను తగ్గించాలి.

మొదటి అంకె కోసం, గుండె నుంచి కొంత రక్తాన్ని పంపుతో మళ్ళించి, బిగింపుకు దిగువన ఎక్కిస్తారు. ఇది పక్కకాలువ తవ్వడం లాంటిదన్నమాట. రెండో అంకె కోసం, నడుము దగ్గర సన్నని గొట్టం పెట్టి మేరుద్రవాన్ని కొద్దికొద్దిగా తీస్తారు. మరీ త్వరగా తీస్తే మెదడులో రక్తస్రావం జరగవచ్చు గనుక కొలత చూసుకుంటూ తీయాలి. 2002లో వెలువడిన ఒక పరీక్షలో 145 మంది రోగులను రెండు జట్లుగా విభజించి చూశారు. ద్రవం తీయని జట్టులో 13 శాతం మందికి కాళ్ళు దెబ్బతిన్నాయి. తీసిన జట్టులో 2.6 శాతం మందికే!

మరికొన్ని జాగ్రత్తలూ ఉన్నాయి. శరీరాన్ని కొంత చల్లబరుస్తారు. చల్లని కణాలకు ఆక్సిజన్ తక్కువ చాలు. ముఖ్యమైన చిన్న ధమనులను కొత్త గొట్టానికి తిరిగి అతుకుతారు. తలమీద చిన్న విద్యుత్ ప్రేరణ ఇచ్చి, కాలి కండరాలు స్పందిస్తున్నాయో లేదో గమనిస్తారు. స్పందన తగ్గితే వెంటనే రక్తపోటు పెంచుతారు.

శస్త్రచికిత్స ముగిసినా కాపలా ముగియదు. కొందరికి కొన్ని రోజుల తర్వాత కూడా కాళ్ళు బలహీనపడవచ్చు. అప్పుడూ రక్తపోటు పెంచి, ద్రవం తీస్తే బలం తిరిగి రావచ్చు. అందుకే రోగికి మెలకువ రాగానే వైద్యులు ముందుగా అడిగే మాటల్లో ఒకటి, "కాళ్ళు కదపండి!" ఆ కాలివేళ్ళు కదిలితే పొలానికి నీరందినట్టే.