బెల్లం పెనం దగ్గర ఇంగ్లీషు

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఇంగ్లీషులో ప్రాజెక్టు పని అనగానే తల్లిదండ్రులకు గుర్తొచ్చేది థర్మోకోల్ షీటు, నెట్ సెంటరులో తీయించిన రంగు బొమ్మలు. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ఫార్మేటివ్ పరీక్ష మార్కుల్లో కొన్ని ఈ పనికే. కొనలేని పిల్లలు ఆ రోజు బడికే రాకపోవడం మేము చూశాం.

అందుకే కొనే ప్రాజెక్టులు మానేశాం. చోడవరం చుట్టూ చెరకే కదా! పిల్లలను జట్లుగా బెల్లం వండే చోటికి తీసుకెళ్లాం (పెనానికి దూరంగానే నిలబెట్టాం లెండి). గానుగాడటం, రసం కాగడం, పాకం దిమ్మలు కట్టడం చూసి, పనివాళ్లను తెలుగులో అడిగి, ఆ వరుసను ఇంగ్లీషులో రాయాలి. ‘ది జ్యూస్ ఈజ్ బాయిల్డ్’. బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని పాసివ్ వాయిస్ అక్కడ ఎక్కింది. ఎవరు కాచారన్నది కాదు, రసానికి ఏమైందన్నదే కదా వాళ్లు చూసింది!

ఎప్పుడూ వెనుక బెంచీలో ఉండే ఒక అమ్మాయి, వాళ్ల నాన్న పెనం దగ్గరే పనిచేస్తాడు, ఆ రోజు జట్టంతటికీ చెప్పి రాయించింది. మరో జట్టు బెల్లాన్ని ‘షుగర్’ అని రాసింది. ‘జాగరీ’ దొరికేసరికి పీరియడు అయిపోయింది. ఉన్న నిఘంటువు ఒక్కటే మరి.

ఈ ఏడు సొసైటీ దాతలను మేము అడిగేది జట్టుకొక తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, కొన్ని దస్తాల తెల్ల కాగితం.