అపరిచితులను చూసి బెదిరే పెద్ద జాతి కుక్కలు – ప్రవర్తనను సరిదిద్దే శాస్త్రీయ పద్ధతి

పాడి క్షేత్రాలు, కోళ్ళ ఫారాలు, పండ్ల తోటల వద్ద కావలి కొరకు పెద్ద జాతి కుక్కలను పెంచడం మన ప్రాంతంలో పరిపాటి. రాజపాళయం, ముధోల్ వంటి దేశీయ జాతులతో పాటు జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ జాతులు, వాటి సంకర సంతతి కూడా ఇందుకు వినియోగంలో ఉన్నాయి. ఇంటివారితో ఎంతో మచ్చికగా మెలిగే కుక్క, కొత్త మనిషి గేటు వద్ద కనిపించగానే మొరగడం, మీదికి ఉరకడం, కొన్నిసార్లు కరవడం కద్దు. కొందరు యజమానులు దీనిని కావలి గుణంగా భావించి మెచ్చుకుంటారు; మరికొందరు పొగరుగా భావించి కొడతారు. చాలా సందర్భాలలో ఈ ప్రవర్తనకు మూలం భయం. కనుక మెప్పుదల గానీ దండన గానీ దీనికి పరిష్కారం కాదు. భయాన్ని తగ్గించడమే పరిష్కారం.

సమస్య ప్రాధాన్యం

ముప్పై, నలభై కిలోల బరువుండే కుక్క ఒక్కసారిగా ముందుకు దూకితే తాడు పట్టుకున్న మనిషి నిలువరించడం కష్టం. దాని కాటు లోతైన గాయం చేస్తుంది. ఇంతకన్నా గమనించవలసిన అంశం మరొకటి ఉంది. కొత్తవారిని దగ్గరకు రానివ్వని కుక్కను పశువైద్యుడు పరీక్షించలేడు. క్రమం తప్పకుండా వేయించవలసిన రేబిస్ టీకా తప్పిపోతుంది. ఆ విధంగా, కరిచే అవకాశం ఎక్కువగా ఉన్న కుక్కకే టీకా రక్షణ కొరవడుతుంది. లక్షణాలు బయటపడిన తరువాత రేబిస్ దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే. కనుక కుక్క భయాన్ని పోగొట్టడం క్షేత్రంలోని మనుషుల ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడా.

భయానికి కారణాలు

కుక్కపిల్ల సుమారు 3 నుండి 12 వారాల వయసు మధ్య చూసిన మనుషులను, జంతువులను, వస్తువులను సహజమైనవిగా స్వీకరిస్తుంది. దీనిని సాంఘికీకరణ దశ అంటారు. అమెరికాలో ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అనే శాస్త్రవేత్తలు 1961లో ప్రచురించిన ప్రయోగంలో, 14 వారాల వయసు వరకు మనుషుల సాంగత్యం లేకుండా పెరిగిన పిల్లలు ఆ తరువాత మనుషులకు మచ్చిక కాలేకపోయాయి. పుట్టినది మొదలు ఒక్క కుటుంబాన్నే చూస్తూ తోటలో పెరిగిన కుక్కకు ప్రతి కొత్త మనిషీ అనుమానాస్పదంగానే తోస్తాడు.

వంశపారంపర్య స్వభావం, గతంలో పడిన దెబ్బలు, నిరంతరం గొలుసుతో కట్టివేయడం కూడా కారణాలే. కట్టివేసిన కుక్క భయపడినప్పుడు తప్పించుకుని పోలేదు. ఎదురు తిరగడమొక్కటే దానికి మిగిలే మార్గం. పెద్ద జాతులలో తరచుగా కనిపించే తుంటి కీలు లోపం, చెవి పోటు, కీళ్ళ నొప్పులు వంటివి సహనాన్ని మరింత తగ్గిస్తాయి. కనుక శిక్షణకు ముందు పశువైద్య పరీక్ష అవసరం. ప్రవర్తన హఠాత్తుగా మారిన కుక్క విషయంలో ఇది తప్పనిసరి.

హెచ్చరిక సంకేతాలు

కుక్క సాధారణంగా కరవడానికి ముందు పలు సంకేతాలు ఇస్తుంది. మొదట ముఖం పక్కకు తిప్పుకోవడం, పెదవులు నాక్కోవడం, నిద్ర లేకున్నా ఆవలించడం కనిపిస్తాయి. తరువాత కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, తోక కాళ్ళ మధ్య ముడుచుకోవడం, ఒళ్ళు బిగబట్టి కదలక నిలబడడం, చివరకు గుర్రుమనడం ఉంటాయి. తోక ఊపడం ఎల్లప్పుడూ స్నేహసూచకం కాదు. బిగుసుకున్న శరీరంతో తోకను నిటారుగా ఎత్తి ఊపుతున్న కుక్కకు దూరంగా ఉండాలి.

గుర్రుమన్నందుకు కుక్కను దండించకూడదు. దండన వల్ల హెచ్చరిక ఆగవచ్చు గాని భయం అలాగే ఉంటుంది. అటువంటి కుక్క ముందస్తు సూచన లేకుండా కరిచే ప్రమాదం ఉంది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రవర్తన సమస్యలతో చికిత్సకు వచ్చిన కుక్కల యజమానుల నుండి వివరాలు సేకరించి 2009లో ప్రచురించారు. కొట్టడం లేదా తన్నడం ప్రయోగించిన కుక్కలలో 43 శాతం తిరిగి దూకుడు చూపినట్లు ఆ అధ్యయనంలో తేలింది.

శిక్షణ సూత్రం

భయపెట్టే దానిని భయం కలగనంత దూరం నుండి చూపుతూ క్రమంగా దగ్గర చేయడం మొదటి సూత్రం. అది కనిపించిన ప్రతిసారీ కుక్కకు అత్యంత ఇష్టమైన ఆహారం అందించడం రెండవ సూత్రం. ఈ రెండింటినీ కలిపి అమలు చేస్తే, "కొత్త మనిషి వస్తే ఆపద" అనే భావం స్థానంలో "కొత్త మనిషి వస్తే మాంసం ముక్క" అనే భావం క్రమంగా ఏర్పడుతుంది.

ఆచరణ క్రమం

1. ముందుగా భద్రత చూసుకోవాలి. సరిగ్గా అమరిన పట్టెడ లేదా ఛాతీ పట్టీ, తెగని తాడు వాడాలి. మూతికి బుట్ట వంటి చిక్కం వేసుకోవడం కూడా నేర్పాలి. అందులో ఆహారం ఉంచి కుక్క తనంతట తాను మూతి పెట్టేలా కొన్ని రోజులు అలవాటు చేయాలి. చిక్కంలో నోరు తెరిచి వగర్చడానికి, నీరు తాగడానికి వీలుండాలి. నోటిని బిగించి కట్టే గుడ్డ పట్టీలతో కుక్క వగర్చలేక వడదెబ్బకు గురి కావచ్చు.

2. కుక్క కొత్త మనిషిని చూసి కూడా మొరగకుండా, ఇచ్చిన ఆహారం తినగలిగే దూరాన్ని గుర్తించాలి. అది 10 మీటర్లు కావచ్చు, 50 మీటర్లు కావచ్చు. తినడం మానివేసిందంటే దూరం చాలలేదని అర్థం.

3. సహాయకుడు ఆ దూరంలో కనిపించాలి. కుక్క అతనిని చూసిన తరువాతనే యజమాని ఉడికించిన కోడి మాంసం చిన్న ముక్కలు వరుసగా ఇవ్వాలి. సహాయకుడు చాటుకు వెళ్ళగానే ఇవ్వడం ఆపాలి. ఆహారం ముందుగా చూపితే ఈ క్రమం తారుమారై ఫలితం రాదు.

4. రోజుకు ఒకటి రెండు సార్లు, ప్రతిసారి అయిదు నిమిషాలకు మించకుండా సాధన చేయాలి. మనిషిని చూడగానే కుక్క ఆహారం కొరకు యజమాని వైపు తిరగడం మొదలైన తరువాత ఒకటి రెండు అడుగులు దూరం తగ్గించాలి. మొరిగితే తిట్టకుండా వెనుకటి దూరానికి వెళ్ళాలి.

5. ఒక వ్యక్తికి అలవాటు పడిన కుక్క అందరికీ అలవాటు పడినట్లు కాదు. స్త్రీలు, పురుషులు, హెల్మెట్ ధరించినవారు, పాల క్యాన్లతో వచ్చేవారు, పురుగుమందు పిచికారీకి ముసుగు, కోటు వేసుకున్నవారు—ఇలా వేర్వేరు వ్యక్తులతో సాధన పునరావృతం చేయాలి. పిల్లలను సహాయకులుగా వినియోగించకూడదు.

ఆహారాన్ని కొత్త మనిషి చేతితో పెట్టించడం సాధారణంగా జరిగే పొరపాటు. తినాలన్న ఆశతో కుక్క తన సహన పరిధి దాటి దగ్గరకు వస్తుంది. ముక్క అయిపోగానే ఎదుట అపరిచితుడు కనిపించి బెదిరి కరవవచ్చు. కనుక ఆహారం యజమాని చేతి నుండే అందాలి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

క్షేత్ర సందర్శనకు ముందు ఫోన్ చేసి, కుక్కను తలుపు ఉన్న గదిలో గాని కంచె వెనుక గాని ఉంచమని కోరాలి. లోపలికి వెళ్ళినప్పుడు కుక్క కళ్ళలోకి సూటిగా చూడడం, వాసన చూడమని చేయి చాపడం, తలపై నిమరడానికి వంగడం చేయకూడదు. కొద్దిగా పక్కకు తిరిగి నిలబడి యజమానితో మాట్లాడాలి. కుక్క విడిపించుకుని వస్తే పరుగెత్తకుండా చేతులు శరీరానికి ఆనించి, చూపు నేలవైపు ఉంచి నిలబడాలి. చేతిసంచిని ఇద్దరి మధ్య అడ్డంగా ఉంచుకోవచ్చు. కాటు పడితే గాయాన్ని వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకాలు ప్రారంభించాలి.

నివారణ

కావలి కొరకు పిల్లను తెచ్చుకునే రైతులకు సాంఘికీకరణ దశ ప్రాముఖ్యాన్ని ముందే వివరించాలి. ఆ వారాలలో పిల్లను ఎత్తుకుని వేర్వేరు మనుషులను, వాహనాలను, పశువులను ప్రశాంతంగా చూపితే చాలు. అందరి చేతా తాకించనవసరం లేదు. టీకాలు పూర్తికాని పిల్లను ఊరకుక్కలు తిరిగే నేలపై వదలకూడదు. ఈ విధంగా పెరిగిన కుక్క కావలికి పనికిరాదన్న శంక నిరాధారం. అన్యులు వచ్చినట్లు అది మొరిగి తెలుపుతుంది, యజమాని పలకరించిన తరువాత శాంతిస్తుంది.

ఆశించదగిన ఫలితం

వయసు వచ్చిన కుక్కలో మార్పుకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ప్రతి కుక్కా అందరితో స్నేహంగా మారదు; మారవలసిన అవసరమూ లేదు. అపరిచితుడు తగినంత దూరంలో ఉండగా ప్రశాంతంగా నిలబడడం, పశువైద్యుడు టీకా వేసేటప్పుడు చిక్కంతో నిలవడం సాధించగలిగితే అది మంచి ఫలితమే. ఇదివరకే కరిచిన కుక్కల విషయంలో, చిన్న పిల్లలున్న ఇళ్ళలో ఈ సాధనను పశువైద్యుని పర్యవేక్షణలోనే చేపట్టాలి. భయం తీవ్రంగా ఉన్నప్పుడు శిక్షణతో పాటు మందులు కూడా వారు సూచిస్తారు. క్షేత్రాలను సందర్శించే సిబ్బంది ఈ క్రమాన్ని యజమానికి ఒకసారి చేసి చూపితే, తరువాతి టీకా సమయానికి ఆ కుక్కను పట్టుకోవడం సులభమవుతుంది.