బొగ్గుగనిలోంచి వచ్చిన బ్రాన్సన్

చార్లెస్ బ్రాన్సన్ హీరోగా నిలదొక్కుకునేసరికి నలభై ఏడేళ్లు వచ్చాయి. ఆ వయసులో చాలామంది నటులు హీరో అన్నయ్య వేషానికో, పోలీసు అధికారి వేషానికో సర్దుకుపోతారు. బ్రాన్సన్‌కి అసలు కథ అప్పుడే మొదలైంది, అదీ సొంత దేశంలో కాకుండా యూరప్‌లో. ముడతలు పడ్డ ముఖం, చిట్లించిన కళ్లు, పెదవుల మీదికి దిగిన మీసం, నరాలు తేలిన చేతులు. అందగాడనడానికి ఏ కోణంలోనూ వీల్లేని ఆ మనిషి 1970ల నడిమికి ప్రపంచంలోనే ఎక్కువ పారితోషికం తీసుకునే నటుల్లో ఒకడయ్యాడు.

ఆయన పేరు చెప్పగానే చాలామందికి 'డెత్ విష్' గుర్తొస్తుంది. రాత్రిపూట వీధుల్లో తిరుగుతూ దుండగుల్ని కాల్చేసే ఆ పాత్ర ఆయనకి బోలెడు డబ్బు తెచ్చిపెట్టింది. అంతకు మించిన అన్యాయమూ చేసింది. బ్రాన్సన్ సినిమాల్లో కాలానికి నిలిచినవి తుపాకులు ఎక్కువగా పేలినవి కావు. ఆయన ఊరకే నిలబడి చూసిన సినిమాలు, ఎదుటివాడు చెప్పేది చివరిదాకా విన్న సినిమాలు, చెయ్యెత్తే ముందు ఒక్క క్షణం ఆగిన సినిమాలు నిలిచాయి.

ఆ నిబ్బరం ఏ నటనా పాఠశాలలోనో నేర్చుకుంటే వచ్చింది కాదు. 1921 నవంబర్ 3న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఎరెన్‌ఫెల్డ్ అనే గనికార్మికుల ఊళ్లో పుట్టాడు. అసలు పేరు చార్లెస్ బుచిన్‌స్కీ. లిథువేనియా నుంచి వలసొచ్చిన కుటుంబం. పదిహేను మంది పిల్లల్లో ఆయన పదకొండోవాడు. పదేళ్ల వయసులో తండ్రి పోయాడు. ఇంట్లో బట్టలకి కూడా కరువై, ఒకసారి అక్క గౌను తొడుక్కుని బడికి వెళ్లాల్సి వచ్చిందని తర్వాతి రోజుల్లో ఆయనే చెప్పుకున్నాడు. కుర్రతనంలోనే బొగ్గుగనిలోకి దిగాడు. టన్నుకింత అని కూలి. 1943లో సైన్యంలో చేరి, రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ విమానంలో గన్నర్‌గా పనిచేసి, గాయపడి పతకం అందుకున్నాడు. యుద్ధం తర్వాత సైనికులకు ప్రభుత్వమిచ్చిన చదువు సాయం ఆయనకి నటనవైపు దారి చూపింది.

మొదట్లో అన్నీ చిల్లర వేషాలే. 1953లో వచ్చిన త్రీడీ భయానక చిత్రం 'హౌస్ ఆఫ్ వ్యాక్స్'లో మాట రాని సేవకుడు ఇగోర్ ఆయనే. అమెరికాలో కమ్యూనిస్టుల వేట సాగుతున్న రోజులవి. తూర్పు యూరప్ వాసన తగిలే ఇంటిపేరుతో అవకాశాలు దెబ్బతింటాయన్న భయంతో 1954లో బ్రాన్సన్‌గా మారాడు.

జనం ఆయన్ని మొదటిసారి గుర్తుపెట్టుకున్నది 1960లో, 'ది మ్యాగ్నిఫిసెంట్ సెవెన్'తో. అకిరా కురొసావా తీసిన 'సెవెన్ సమురాయ్'ని దర్శకుడు జాన్ స్టర్జెస్ మెక్సికో సరిహద్దుకి తెచ్చాడు. బందిపోట్ల నుంచి ఓ పల్లెను కాపాడటానికి ఏడుగురు తుపాకీవీరులు కుదురుకునే కథ. యూల్ బ్రిన్నర్, స్టీవ్ మెక్వీన్ తెరను పంచుకుంటున్న ఆ సినిమాలో బ్రాన్సన్ పాత్ర పేరు బెర్నార్డో ఓ'రైలీ. మనకు మొదటిసారి కనిపించేటప్పుడు పొట్టకూటి కోసం కట్టెలు కొడుతుంటాడు. ఆ గొడ్డలి పట్టు చూస్తే చాలు, ఈ మనిషికి ఒళ్లొంచి పని చెయ్యడం కొత్త కాదని తెలిసిపోతుంది. ఊరి పిల్లలు అతన్ని వదలరు. మా నాన్నలు పిరికివాళ్లని వాళ్లంటే, అతనికి కోపం ముంచుకొస్తుంది. తుపాకీ పట్టడం కన్నా పిల్లల్ని సాకుతూ నేలను దున్నడానికే ఎక్కువ గుండె కావాలని వాళ్లకి నచ్చచెబుతాడు. బడుగు ఇంట్లో తండ్రి లేకుండా పెరిగిన నటుడి నోట ఆ మాటలకి వచ్చిన బరువు వేరు. ఇదే కథా వంశంలో మన 'షోలే' కూడా పుట్టింది.

మూడేళ్లకు అదే దర్శకుడితో 'ది గ్రేట్ ఎస్కేప్'. 1944లో జర్మన్ల యుద్ధఖైదీల శిబిరం నుంచి నేల కింద సొరంగం తవ్వుకుని 76 మంది తప్పించుకున్న నిజగాథ దీనికి ఆధారం. వాళ్లలో 73 మంది మళ్లీ దొరికిపోయారు, 50 మందిని నాజీలు కాల్చి చంపారు. అసలు శిబిరంలో సొరంగాల పని చూసిన కెనడా గనికార్మికుడు వాలీ ఫ్లడీ ఈ సినిమాకి సాంకేతిక సలహాదారు. బ్రాన్సన్ వేసింది సొరంగాలు తవ్వే పోలిష్ పైలట్ డానీ వేషం.

ఈ సినిమా అనగానే అందరూ మెక్వీన్ మోటార్‌సైకిల్ దూకుడు గురించే మాట్లాడతారు. కానీ డానీని గమనించండి. చక్రాల బల్లమీద బోర్లా పడుకుని, భుజాలు కూడా తిరగని ఇరుకులోకి జారుతుంటాడు. మట్టి పెళ్లలు మీద కూలుతాయి, కాళ్లు పట్టి బయటికి లాగుతారు. కళ్లలో మట్టి, నోట్లో మట్టి. లేచి మళ్లీ లోపలికి పోతాడు. తీరా పారిపోయే రాత్రి దగ్గరపడ్డాక తెలుస్తుంది, చిన్నప్పటి నుంచీ అతనికి ఇరుకు చోట్లంటే ప్రాణభయమని. పదిహేడు సొరంగాలు తవ్విందీ ఆ భయాన్ని దిగమింగుకునే. అప్పటిదాకా రాయిలా ఉన్న ముఖం ఆ కాసేపు చిన్నపిల్లాడిలా వణుకుతుంది. గనిలో పనిచేసిన రోజుల నుంచీ బ్రాన్సన్‌కీ ఆ భయం ఉండేదని చెబుతారు. యాక్షన్ హీరో భయపడటాన్ని అంత నిజాయితీగా చూపించిన సినిమాలు అరుదు. ఆయన నటించిన వాటిలో ఒకే ఒక్క సన్నివేశం ఏరుకోమంటే చాలామంది వేరేది ఏరుకుంటారు గానీ, ఆయన గొప్పతనానికి గట్టి సాక్ష్యం మాత్రం ఇదే.

1967లో 'ది డర్టీ డజన్' కూడా పెద్ద హిట్టే. అందులో పన్నెండుమంది శిక్షపడ్డ సైనికుల్లో ఒకడు. బాగా చేశాడు, కానీ గుంపులో ఒకడే.

ఆ గుంపులోంచి ఆయన్ని బయటికి లాగింది ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే. 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' కోసం ముందు కూడా అడిగితే బ్రాన్సన్ కాదన్నాడు. ఆ వేషం దక్కిన క్లింట్ ఈస్ట్‌వుడ్ జాతకం మారింది అక్కడే. 1968లో 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్'కి మాత్రం ఒప్పుకున్నాడు. ఎడారిలో ఓ దిక్కులేని రైల్వే స్టేషన్. ముగ్గురు తుపాకీగాళ్లు ఎవరికోసమో కాచుక్కూచున్నారు. గాలిమర కిర్రుమంటోంది. ఒకడి గడ్డం మీద ఈగ పాకుతోంది. ఇంకొకడి టోపీ మీద పైనుంచి నీటిబొట్లు పడుతున్నాయి. మరొకడు వేళ్లు విరుచుకుంటున్నాడు. పది నిమిషాలకు పైగా ఇదే తంతు, మాటల్లేవు. రైలొచ్చింది, ఎవరూ దిగలేదు. వాళ్లు వెనక్కి తిరిగారు. రైలు కదిలిపోయాక పట్టాల అవతలి నుంచి మౌతార్గాన్ మూలుగు. అక్కడ బ్రాన్సన్.

ఆ పాత్రకి పేరు లేదు, వాయిద్యం పేరుతోనే అందరూ హార్మోనికా అంటారు. మాట్లాడాల్సిన చోట వాయిస్తాడు. సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనే బాణీలు ముందే సిద్ధం చేస్తే, లియోనే వాటిని సెట్లో వినిపిస్తూ చిత్రీకరించాడు. చివర్లో హెన్రీ ఫోండా వేసిన క్రూరుడు ఫ్రాంక్‌తో తలపడేటప్పుడు కెమెరా బ్రాన్సన్ కళ్ల దాకా వెళ్లి ఆగుతుంది. తెరంతా ఆ రెండు కళ్లే. అప్పుడు గతం తెరుచుకుంటుంది. మెడకి ఉరితాడుతో ఒక మనిషి, అతన్ని భుజాల మీద మోస్తూ అతని తమ్ముడు. ఆ పిల్లాడి నోట్లో ఫ్రాంక్ నవ్వుతూ మౌతార్గాన్ కుక్కుతాడు. పిల్లాడు కూలితే అన్న ప్రాణం పోతుంది. రెండున్నర గంటలు ఒక్క మాట చెప్పకుండా ఆ మనిషి ఏం మోశాడో అప్పుడు తెలుస్తుంది. పగ కథలు మన సినిమాల్లో వందలున్నాయి, ఇంత ఓపికగా చెప్పినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

అమెరికాలో కత్తిరించి విడుదల చేశారు, ఆడలేదు. ఫ్రాన్స్‌లో కోటీ నలభై లక్షలకు పైగా టికెట్లు తెగాయి. లియోనే వెస్టర్న్‌ల గాలి మన దాకా కూడా వీచింది. 1971లో కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో కృష్ణ కౌబాయ్‌గా వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు' తెలుగువాళ్లు మర్చిపోలేని ఉదాహరణ.

ఆ తర్వాత కొన్నేళ్లు బ్రాన్సన్ యూరప్‌కి దేవుడు. ఫ్రెంచ్ నటుడు అలెన్ డెలాన్‌తో కలిసి చేశాడు. 1971లో 'రెడ్ సన్'లో జపాన్ మహానటుడు తొషిరో మిఫునే పక్కన నటించాడు, వెస్టర్న్ దొంగ, సమురాయ్ కలిసి ఓ కత్తిని వెతికే సరదా కథ. జపాన్‌లో ఆయన మగవాళ్ల సౌందర్య సాధనాల ప్రకటనలో కనిపిస్తే, ఆ సరుకు ఎంతగా అమ్ముడుపోయిందంటే, కంపెనీ తన పాత పేరు తీసేసి సరుకు పేరునే, మాండమ్ అని, తనకి పెట్టుకుంది.

హాలీవుడ్ అప్పుడు మేలుకుంది. 1972లో మైకేల్ విన్నర్ తీసిన 'ది మెకానిక్'లో కిరాయి హంతకుడిగా చేశాడు. మొదటి పావుగంటలో మాటే వినపడదు. ఎదురింటి గదిలో మకాం పెట్టి, చంపాల్సినవాడి అలవాట్లు గమనించి, ప్రమాదంలా కనిపించేలా పథకం సిద్ధం చేస్తాడు. అదంతా ఒక పనివాడి శ్రద్ధతో చేయడం వల్లే ఒళ్లు జలదరిస్తుంది. 2011లో జేసన్ స్టాతమ్‌తో మళ్లీ తీశారు, పరుగు పెరిగింది, ఆ చలి పోయింది. 1974లో 'మిస్టర్ మజెస్టిక్'లో పుచ్చకాయల రైతు. పంట కోయించుకోవడం తప్ప వేరే ధ్యాస లేనివాడు. గూండాలు గోదాములోని కాయలను తుపాకులతో తునకలు చేసే దృశ్యం చూస్తే, రైతు అన్నవాడికి కడుపు రగిలిపోతుంది.

అదే ఏడాది 'డెత్ విష్'. బ్రయాన్ గార్ఫీల్డ్ నవల ఆధారం. పాల్ కెర్సీ న్యూయార్క్‌లో ఆర్కిటెక్ట్, హింసంటే గిట్టనివాడు. దుండగులు ఇంట్లో చొరబడి భార్యను చంపుతారు, కూతురిని చెరుస్తారు. కెర్సీ మొదట మేజోడులో నాణేలు నింపి దాంతో ఒక దొంగను కొడతాడు. తర్వాత తుపాకీ. మొదటి మనిషిని కాల్చి ఇంటికొచ్చి బాత్రూంలో వాంతి చేసుకుంటాడు. సినిమా ప్రాణమంతా ఆ వాంతిలో ఉంది. తర్వాత్తర్వాత ప్రేక్షకులు ఒక్కో కాల్పుకీ చప్పట్లు కొట్టారు. సొంతంగా శిక్ష వేయడం తప్పని చెప్పాలనుకున్న రచయిత నొచ్చుకుని, దానికి జవాబుగా మరో నవల రాశాడు. 1982 నుంచి 1994 దాకా నాలుగు కొనసాగింపులు వచ్చాయి. మూడోదానికి రాకెట్ లాంచర్ దాకా వెళ్లింది వ్యవహారం. వాంతి మాత్రం మళ్లీ రాలేదు. హింసకి వణికే మనిషిని తీసేస్తే కెర్సీలో మిగిలేది తుపాకీ ఒక్కటే. ఆ కొనసాగింపుల్ని చూడకపోయినా పోయేదేమీ లేదు.

చూడాల్సింది 1975లో వాల్టర్ హిల్ మొదటి దర్శకత్వం, 'హార్డ్ టైమ్స్'. 1930ల ఆర్థికమాంద్యం. జేబులో కొద్ది డాలర్లతో చానీ అనే నడివయసువాడు గూడ్సు రైల్లో దిగుతాడు. పందేల కోసం గ్లవ్స్ లేకుండా పిడికిళ్లతో కొట్టుకునే ఆటలో ఒక్క గుద్దుతో మనిషిని పడేస్తాడు. జేమ్స్ కోబర్న్ వేసిన బేరగాడు గలగలా మాట్లాడుతుంటే, చానీ వింటుంటాడు. బ్రాన్సన్‌కి అప్పటికి యాభై మూడేళ్లు. చొక్కా విప్పితే గనికార్మికుడి వీపు. డబ్బు మీద ఆశ లేదు, కొట్టాలన్న సరదా లేదు. చివరి పోటీకి దిగేది స్నేహితుడి అప్పు తీర్చడానికి. వెళ్లిపోయేటప్పుడు తన పిల్లిని చూసుకోమని కొంత డబ్బిచ్చి పోతాడు. సంభాషణలు ఒక చిన్న పుస్తకంలో పట్టేస్తాయేమో, కానీ ఆ మనిషి లోపల ఏముందో అంతా తెలుస్తుంది. బ్రాన్సన్‌కి ఇంత సరిగ్గా అమరిన పాత్ర మరొకటి లేదు.

1990లో భార్య, నటి జిల్ ఐర్లాండ్ క్యాన్సర్‌తో చనిపోయారు. మరుసటి ఏడాది షాన్ పెన్ దర్శకుడిగా తీసిన తొలి చిత్రం 'ది ఇండియన్ రన్నర్'లో బ్రాన్సన్ భార్యను పోగొట్టుకుని కుప్పకూలిన తండ్రిగా నటించారు. వేషం చిన్నదే, కానీ యాక్షన్ సినిమాల్లో దాచిపెట్టిన బాధంతా అందులో పైకొచ్చింది. 2003 ఆగస్టు 30న లాస్ ఏంజెలెస్‌లో ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు కొత్తగా చూడాలనుకునేవాళ్లు తొంభై మూడు నిమిషాల 'హార్డ్ టైమ్స్'తో మొదలుపెట్టండి. తర్వాత 'ది గ్రేట్ ఎస్కేప్'. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' మాత్రం కత్తిరించని, రెండు గంటల నలభై ఐదు నిమిషాల ప్రతి దొరికితేనే చూడండి, ఫోన్ పక్కనపెట్టి.